రొట్టెలో చుట్టిన పల్లీ కారం

పెంక మీది నుంచి దిగిన జొన్నరొట్టెకు పల్లీ కారం పూసి, నాలుగు చుక్కల నూనె వేసి, చుట్ట చుట్టి పిల్లల చేతికివ్వడం ఆలంపూర్ చుట్టుపక్కల ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. కంచం అక్కర్లేదు, కూర్చోవాల్సిన పని లేదు. బడికి పరుగెత్తే పిల్లాడు దారిలోనే తినేస్తాడు. చేనుకు పోయేవాళ్లు గుడ్డలో మూట కట్టుకుంటారు. ఇప్పుడు సూపర్ మార్కెట్లలో మైదా టోర్టిల్లాలు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. వాటిలో కూర పెట్టి చుట్టడం సెల్‌ఫోన్‌లో చూసి నేర్చుకుంటున్నారు. మంచిదే. కానీ మైదా రొట్టె ఎటు వంచితే అటు వంగుతుంది. జొన్నరొట్టెను విరగకుండా చుట్టడంలోనే ఉంది పనితనం.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డలో, తుంగభద్ర ఒడ్డున ఉంటుంది ఆలంపూర్. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలనూ జోగులాంబ అమ్మవారినీ చూడటానికి వచ్చే యాత్రికులు ఆ గుడుల దగ్గరే ఆగిపోతారు. ఊరు దాటితే నల్లరేగడి. వానలు వెనకబట్టాక ఆ నేల దాచుకున్న తేమతోనే జొన్న పండేది. పప్పయినా పుంటికూరయినా మాంసమయినా ఆ గింజతో చేసిన రొట్టెకు జతగా వండుకున్నవే.

గోధుమపిండిలో గ్లూటెన్ ఉంటుంది. నీళ్లు తగిలితే అది సాగే అల్లికలా మారి రొట్టెను పట్టి ఉంచుతుంది. జొన్నలో అది లేదు. చన్నీళ్లతో కలిపి తడితే అంచులు పగులుతాయి, చుట్టబోతే ముక్కలవుతుంది. అందుకే ఎసరు కావాలి. ఉప్పేసిన నీళ్లు తెర్లుతున్నప్పుడు పిండిలో పోస్తే అందులోని గంజి పదార్థం ఉబ్బి జిగురు పుడుతుంది. సంకటి గట్టిపడేదీ అందుకే. "నీళ్లు ఇంకా మసలలేదు, అప్పుడే పొయ్యకు" అని కొత్త కోడలికి అత్త చెప్పే మాట వెనక ఉన్నది ఈ రసాయనమే. గ్లాసు పిండికి గ్లాసుకు కాస్త తక్కువ నీళ్లు పడతాయి. పిండి గిర్నీ నుంచి కొత్తగా పట్టించి తెచ్చినదైతే మేలు. నిలవ పిండికి జిగురు తగ్గుతుంది.

మొదట తెడ్డుతో కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే అరచేతి మడమతో నొక్కి నొక్కి మెదపాలి. ఎంత మెదిపితే అంత నునుపు. నిమ్మకాయకు రెండింతల ముద్ద తీసుకుని, పీట మీద పొడి పిండి చల్లి తట్టడం మొదలవుతుంది. ఇక్కడ చేతులను చూడాలి. కుడి అరచెయ్యి తడుతూ ఉంటే ఎడమ చేతి వేళ్లు అంచును పట్టుకుని, పగులు కనిపించిన చోటల్లా లోపలికి నెడుతూ ఉంటాయి. రొట్టె తనంతట తానే తిరుగుతున్నట్టు ఉంటుంది. అప్పడాల కర్ర అవసరం రాదు. చేయి తిరిగినవాళ్ల ఇంటి ముందు నుంచి పోతుంటే ఆ టపటపల్లో తాళం వినిపిస్తుంది.

పెంక బాగా కాలాక రొట్టెను పిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేసి, తడి గుడ్డతో ఒకసారి తుడుస్తారు. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ఆలస్యమైతే రొట్టె బిగుస్తుంది, తొందరపడితే పెంకకు అంటుకుంటుంది. రెండో వైపు కాలుతుండగా అంచుల మీద గుడ్డతో అద్దితే లోపలి ఆవిరికి రొట్టె పూరీలా పొంగి, పలుచటి పొర ఒకటి, మందపాటి పొర ఒకటి విడతాయి. దించగానే గుడ్డ పరిచిన బుట్టలో మూసిపెడతారు. ఆ ఆవిరే దాన్ని మెత్తగా ఉంచుతుంది.

చుట్టడానికి ఉన్న సమయం ఆ కాసేపే. చల్లారితే గంజి పదార్థం మళ్లీ గట్టిపడుతుంది. మధ్యలో కుప్పగా పెట్టకుండా, మనవైపు అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు వదిలి, కారాన్ని పలుచగా పరవాలి. కింది కొనను ఒక మడత లోపలికి మడిచి చుట్టుకుంటూ పోతే నూనె చేతి మీదికి కారదు. పచ్చిపులుసు లాంటివి ముంచుకు తినడానికే, చుట్టడానికి పనికిరావు. చిక్కటి పుంటికూర పప్పు, పొడిగా వేయించిన వంకాయ, ఎల్లిగడ్డ కారం, పక్కన ఉల్లిగడ్డ ముక్క బాగా కుదురుతాయి. వీటన్నిటిలో పల్లీ కారానిదే పెద్దపీట. అది రుచి ఒక్కదానితో వచ్చిన గౌరవం కాదు.

ఎందుకో తెలియాలంటే మెక్సికో దాకా పోయి రావాలి. అక్కడి మొక్కజొన్నకూ జొన్నకున్న చిక్కే, గ్లూటెన్ లేదు. అక్కడివాళ్లు గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి టోర్టిల్లాలు చేస్తారు. మూడు వేల ఏళ్లకు పైబడిన ఆ పద్ధతి వల్ల ముద్దకు జిగురు రావడమే కాదు, మొక్కజొన్నలో బిగుసుకుని ఉన్న నయాసిన్ అనే విటమిన్ ఒంటికి అందుతుంది. సున్నం వాడకుండా మొక్కజొన్న ఒక్కదాని మీదే బతికిన దేశాల్లో, ఆ విటమిన్ అందక వచ్చే పెల్లగ్రా జబ్బు పేదలను పీడించింది. దక్కనులో జొన్న తప్ప మరోటి దొరకని పేదల్లోనూ ఆ జబ్బు కనబడింది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి ఆ జబ్బుతో సంబంధం ఉందన్నది వాళ్ల ప్రతిపాదన. ఆ నయాసినే పల్లీలలో దండిగా ఉంది. రొట్టెలో కారం పూసి చుట్టిన తల్లికి ఆ పేరు తెలియకపోవచ్చు. బిడ్డకు కావలసినది మాత్రం చేతికందించింది.

జొన్న ఆఫ్రికాలో పుట్టింది. మిరప మెక్సికోది, పల్లీ దక్షిణ అమెరికాది. మూడూ వచ్చి నడిగడ్డ పెంక దగ్గర కలుసుకున్నాయి. పోషక విలువకొస్తే, జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపు.

అయినా జొన్న వెనక్కి పోయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడంతో ఇంటింటా అన్నం రోజువారీ తిండి అయింది. కాలువ నీళ్లు అందిన చేలల్లో వరి, మిరప, పత్తి పెరిగాయి. పేదవాడికి అన్నం దొరకడం చిన్న సంగతి కాదు. ఐతే దాంతోపాటు, రోజూ రొట్టె తట్టే చేతులు ఒక తరంలోనే తగ్గిపోయాయి. ఎసరు, తట్టడం, తడి ఆరే అదను, ఇవన్నీ చూసి నేర్చుకునేవి.

ఇప్పుడు సాయంత్రమైతే హైదరాబాద్ రోడ్ల పక్కన ఆడవాళ్లు పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్ముతున్నారు. షుగర్ ఉన్నవాళ్లు, రాత్రి అన్నం మానేసినవాళ్లు వరస కట్టి నిలబడతారు. పార్శిల్ ఇల్లు చేరేలోగా రొట్టె బిగుస్తుంది. దాన్ని అలాగే వంచకూడదు. నీళ్లు చిలకరించి, వేడి పెంక మీద అర నిమిషం ఉంచి, గుడ్డలో కాసేపు మూసిపెడితే మళ్లీ వంగుతుంది. కారం గిన్నె మాత్రం ముందే పక్కన పెట్టుకోవాలి.