చంపమని చెప్పిన గ్రంథం

హత్య కథల్లో మామూలుగా చివరి దాకా ఒకటే ప్రశ్న నడుస్తుంది: చంపింది ఎవరు? 2022లో అమెరికాలో ఏడు భాగాలుగా వచ్చిన 'అండర్ ది బేనర్ ఆఫ్ హెవెన్' అనే టీవీ సీరియల్‌లో ఆ ప్రశ్న చాలా త్వరగానే పక్కకు పోతుంది. హంతకులెవరో మనకు తొందరగానే అర్థమవుతుంది. ఆ తర్వాత మిగిలేది ఇంకో ప్రశ్న. వీళ్ళ చేత ఈ పని చేయించింది ఏమిటి? పోలీసు అధికారి హంతకుల కోసం వెతుకుతూ వెతుకుతూ తను చిన్నప్పటి నుంచి చదువుకున్న పవిత్ర గ్రంథంలోకి వెళ్ళి పడతాడు. దళిత ఉద్యమంలో పనిచేసేవాళ్ళు, విద్యార్థులు ఈ సీరియల్‌ని ఎందుకు చూడాలో, చూసి ఎక్కడ తగువుపడాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కథ నిజంగా జరిగిందే. యూటా రాష్ట్రంలో అమెరికన్ ఫోర్క్ అనే చిన్న ఊరు. 1984 జూలై 24. మోర్మన్లకు అది పెద్ద పండుగ రోజు. 1847లో బ్రిగమ్ యంగ్ తన జనాన్ని తీసుకుని సాల్ట్ లేక్ లోయకు చేరిన రోజు. ఆ రోజు 24 ఏళ్ళ బ్రెండా లాఫర్టీని, ఆమె 15 నెలల పాపను గొంతులు కోసి చంపారు. చంపింది దొంగలు కాదు, ఆమె భర్త అన్నలు రాన్, డాన్. దేవుడు తనకు చెప్పాడని రాన్ కాగితం మీద రాసుకున్నాడు. అందులో నలుగురి పేర్లున్నాయి. 'చంపు' అనే మాట లేదు. 'తొలగించు' అని ఉంది. ఊళ్ళో మన వాళ్ళని వెలివేసేటప్పుడు కూడా పెద్దమనుషులు ఎప్పుడైనా కరుకు మాట వాడారా? మాట ఎంత మెత్తగా ఉంటే కత్తి అంత పదును.

ఈ కేసు మీద జాన్ క్రాకౌర్ 2003లో పుస్తకం రాశాడు. దాన్ని సీరియల్‌గా మలిచిన డస్టిన్ లాన్స్ బ్లాక్ స్వయంగా మోర్మన్ ఇంట్లో పెరిగినవాడు. అందుకే ఆ ఇళ్ళ లోపలి వాతావరణం, భోజనాల దగ్గర ప్రార్థనలు, తండ్రి ముందు కొడుకుల భయం, కోడళ్ళ మౌనం బయటివాడు తీసినట్టు అనిపించవు. ఊరి పేరు మార్చాడు. జెబ్ పైర్ అనే మోర్మన్ పోలీసును (ఆండ్రూ గార్ఫీల్డ్), అతని తోటి అధికారిగా బిల్ టాబా అనే పయూట్ తెగ ఆదివాసీని (గిల్ బర్మింగ్‌హామ్) కల్పించాడు. నా తగువంతా ఈ రెండో పాత్ర దగ్గర. దాని సంగతి తర్వాత.

ముందు బ్రెండా గురించి చెప్పాలి. లాఫర్టీ ఇంటికి కోడలై వచ్చేటప్పటికే ఆమె విశ్వవిద్యాలయంలో ప్రసార మాధ్యమాల చదువు చదివింది. అన్నదమ్ములు పన్నులు కట్టమని, ప్రభుత్వం చెల్లదని, పాత రోజుల బహుభార్యాత్వమే అసలు ధర్మమని గ్రంథాలు తిరగేసి వాదిస్తుంటే మిగతా కోడళ్ళు తల వంచుకుంటారు. ఈమె వాదిస్తుంది. అవే గ్రంథాల నుంచి వాదిస్తుంది. రాన్ భార్య పిల్లల్ని తీసుకుని అతన్ని వదిలి వెళ్ళిపోయేటప్పుడు ఆమెకు ధైర్యం చెప్పింది కూడా బ్రెండానే. ఆ ఇంటి మగవాళ్ళ కోపానికి అసలు కారణం అక్కడుంది. దేవుడి గొంతు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భార్య పోయిన మగవాడి అవమానం. సీరియల్ ఈ వరస తప్పకుండా చూపించింది, అది దాని గొప్పతనం. ఆడది చదివితే, చదివి ఎదురు అడిగితే, శాస్త్రం తిరగేసేవాడి చెయ్యి కత్తి దాకా పోతుందని మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు గాని, దాన్ని ఇంత దగ్గర నుంచి చూపించిన సీరియల్స్ తక్కువ.

చంపడానికి వాళ్ళకు గ్రంథంలో ఉదాహరణ కూడా దొరికింది. మోర్మన్ గ్రంథం మొదట్లోనే నీఫై అనేవాడు తాగి పడి ఉన్న లేబన్ తల నరుకుతాడు. ముందు సందేహిస్తాడు. ఆత్మ ఆజ్ఞాపిస్తుంది, నరుకుతాడు. ఒక్కడు చస్తే జాతి నిలుస్తుందని సమర్థన. డాన్ తనను ఆ నీఫైతో పోల్చుకున్నాడు. ఇది చదవగానే మనకు శంబూకుడు గుర్తుకు రాకపోతే మనం ఉత్తరకాండ మరిచిపోయినట్టే. అక్కడా తల తెగింది, అక్కడా ధర్మమే నరకమంది. తేడా ఏందంటే లేబన్‌ని చంపింది అతని దగ్గరున్న గ్రంథ ఫలకాల కోసం. శంబూకుణ్ణి చంపింది తపస్సు చేసే అర్హత అతనికి లేదని.

హంతకులు పిచ్చివాళ్ళు అని తేల్చేస్తే అందరికీ సుఖం. మతానికీ సుఖం, కోర్టుకీ సుఖం. ఈ కేసులో అది అంత తేలిగ్గా జరగలేదు. రాన్‌కు 1985లో మరణశిక్ష పడింది. విచారణను ఎదుర్కొనే మానసిక స్థితిలో ఉన్నాడా లేదా అన్నది సరైన కొలతతో తేల్చలేదని 1991లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. 1996లో మళ్ళీ విచారణ. మానసిక వైద్యులు రెండు పక్షాలై వాదించుకున్నారు. దేవుడు నాతో మాట్లాడాడు అనడం పిచ్చి అయితే, దేవుడు మాట్లాడతాడని నమ్మే కోట్ల మందిని ఏమనాలి? పిచ్చి కాదంటే, మరి ఆ నమ్మకమే కదా కత్తి పట్టించింది? జ్యూరీ అతనికి పిచ్చి లేదని తేల్చింది, మళ్ళీ మరణశిక్షే పడింది. 2019 నవంబర్‌లో అతను జైల్లోనే మామూలు చావు చచ్చాడు. డాన్‌కు రెండు యావజ్జీవ శిక్షలు.

ఇక్కడ ఆగి మన సంగతి చూసుకుందాం. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ఒక తండ్రి, కూతురు పెళ్ళాడిన దళిత యువకుణ్ణి కిరాయి మనిషితో నడివీధిలో నరికించాడు. 2025 మార్చిలో నల్లగొండ ప్రత్యేక కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ మొత్తం కేసులో ఎవరైనా 'ఇది మత హత్య' అన్నారా? పత్రికలన్నీ 'పరువు హత్య' అనే రాశాయి. నిందితుడికి దేవుడి గొంతు వినపడిందా అని ఏ వైద్యుడూ పరీక్షించలేదు. ఎందుకంటే ఇక్కడ దేవుడు ప్రత్యేకంగా వచ్చి చెవిలో చెప్పాల్సిన పని లేదు. శాస్త్రం ఇంట్లోనే ఉంది, బంధువుల ముఖాల్లో ఉంది, పెళ్ళి చూపుల్లో ఉంది. రాన్ తన ఆజ్ఞను కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది. కులం వాడికి ఆ కష్టం కూడా లేదు. 1936లో అంబేద్కర్ లాహోర్ సభ కోసం రాసి, చదవనివ్వక సొంతంగా అచ్చు వేసుకున్న 'కుల నిర్మూలన'లో వాదించింది ఇదే. జనం చెడ్డవాళ్ళై కులం పాటించడం లేదు, మతం వాళ్ళకు దాన్ని నేర్పింది, కాబట్టి శాస్త్రాల పవిత్రత మీదే దెబ్బ కొట్టాలి అన్నాడు. యూటా పోలీసు ఏడు భాగాలు నడిచి చేరిన చోటుకి బాబాసాహెబ్ ఎప్పుడో చేరాడు, చేరి అక్కడ ఆగలేదు కూడా. పైర్ విశ్వాసం కూలిపోయి నిలబడతాడు. తర్వాత ఎటు అనేది ఆ సీరియల్‌కి తెలియదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ చర్చి ఈ అన్నదమ్ముల్ని హత్యకు ముందే వెలివేసింది. బహుభార్యాత్వాన్ని 1890లోనే వదులుకుంది. సీరియల్ మమ్మల్నందర్నీ హంతకుల్లా చూపిందని చాలామంది మోర్మన్లు బాధపడ్డారు, ఆ బాధలో కొంత నిజముంది. ఒక కుటుంబం చేసిన దాన్ని సమాజం మొత్తానికి అంటగట్టడం ఎంత అన్యాయమో ముద్రలు మోసిన మనకే ఎక్కువ తెలుసు. కాని వదులుకున్న గ్రంథ భాగాలు అటక మీద ఉంటాయి, ఎవడో ఒకడు నిచ్చెన వేసి తీస్తాడు. ఆ నల్లజాతి వాళ్ళ విషయం చూడండి. వాళ్ళకు పూజారిత్వం 1978 దాకా లేదు. ఆ ఏడాది కొత్త దైవవాక్కు వచ్చింది. ఆదివాసుల పూర్వీకులు శాపం వల్ల నల్లచర్మం పొందిన లేమనైట్లని గ్రంథం అంటుంది. మారిన వాళ్ళు 'తెల్లగా' అవుతారన్న చోట 1981 ముద్రణలో 'స్వచ్ఛంగా' అని దిద్దారు. ఒక్క మాట మారింది. శాపం కథ అట్లాగే ఉంది.

టాబా ఆ శాపం మోసుకుంటూ ఆ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. అతని వెనక ఇంకో చరిత్ర ఉంది. 1857 సెప్టెంబర్ 11న మౌంటెన్ మెడోస్ దగ్గర, ఆర్కన్సా నుంచి వలస పోతున్న దాదాపు 120 మందిని మోర్మన్ సాయుధ దళం చంపింది. నేరాన్ని పయూట్ల నెత్తిన రుద్దారు. ఉరి తీయాల్సిన వాళ్ళలో ఒక్క జాన్ డి. లీకి మాత్రమే 1877లో శిక్ష పడింది, కాల్చి చంపారు. పయూట్ల మీద మోపిన నింద అన్యాయమని చర్చి విచారం చెప్పింది 2007లో. నూట యాభై ఏళ్ళు! ఇంత బరువున్న మనిషిని కథలో పెట్టుకుని సీరియల్ అతనితో ఏం చేయించింది? పైర్ ఏడుస్తుంటే ఓదార్పించింది. పైర్ భార్య మనకు తెలుసు, మతిమరుపు వచ్చిన తల్లి తెలుసు, బాప్తిస్మం తీసుకోబోయే కూతుళ్ళు తెలుసు. టాబా ఇంటికి వెళ్ళాక ఏం వండుకుంటాడో తెలియదు. గిల్ బర్మింగ్‌హామ్ నటన గొప్పది, కళ్ళతోనే సగం మాట్లాడాడు. రాసినవాడు అతనికి ఇచ్చింది మాత్రం మన సినిమాల్లో హీరో పక్కన నమ్మకంగా నిలబడే వాడి పని.

మా దగ్గర విద్యార్థులతో కలిసి వరసగా రెండు రాత్రులు కూర్చుని దీన్ని చూశాం. అయిపోయాక పైర్ విశ్వాసం గురించి పెద్ద చర్చ నడిచింది. అందరూ మాట్లాడాక, మూలన కూర్చున్న ఎం.ఏ. అమ్మాయి ఒకతె అడిగింది: "సార్, ఆ టాబా అన్నకి ఇల్లు లేదా?"