సరుకు అమ్మేవాడికీ ఓ పరీక్ష

వాటర్‌ప్రూఫింగ్ షీట్లు, ఫ్లోరింగ్, తలుపుల తాళాలు పట్టుకుని ఆర్కిటెక్టుల ఆఫీసుల చుట్టూ తిరిగే సేల్స్‌వాళ్లకు అమెరికాలో ఓ పరీక్ష ఉంది. పేరు సీసీపీఆర్. 1948లో పుట్టిన కన్‌స్ట్రక్షన్ స్పెసిఫికేషన్స్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని పెడుతుంది. ముందు సీడీటీ అనే మరో పరీక్ష గట్టెక్కాలి. ఇదేమీ లైసెన్సు కాదు, లేకపోయినా సరుకు అమ్ముకోవచ్చు. మరెందుకు రాస్తారో అనుకునేవాణ్ణి. స్పెసిఫికేషన్లు, అంటే ఏ సరుకు ఎలా వాడాలో చెప్పే పత్రాలు, రాసే పనిలో పడ్డాక తెలిసొచ్చింది. కొందరు రాగానే బ్రోషర్ తీస్తారు, కొందరు ముందు డ్రాయింగులు చూపించమంటారు.

స్పెసిఫికేషన్‌లో ప్రతి సెక్షనుకూ మూడు భాగాలు: సాధారణ విషయాలు, సరుకు, పని చేసే పద్ధతి. సేల్స్‌వాళ్ల కళ్లన్నీ రెండోదాని మీదే, తమ బ్రాండ్ పేరు పడిందా లేదా అని! తగాదాలు మాత్రం మిగతా రెండింటి దగ్గరే ఎక్కువ. కాంక్రీటు మీద వినైల్ అతికించాలనుకోండి. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తేమ అలాగే ఉంటుంది. ఒకవైపు నుంచే ఆరే స్లాబైతే మందంలో 40 శాతం లోతుకు రంధ్రం వేసి తేమ కొలవాలని ఏఎస్‌టీఎం ఎఫ్2170 ప్రమాణం చెబుతుంది. ఆ కొలత ఎవరు తీయాలి? తేమ ఎక్కువుంటే ఖర్చెవరిది? అప్పుడు వారంటీ చెల్లుతుందా? పని మొదలయ్యాక రావాల్సిన ప్రశ్నలు కావివి. ముందే లేవదీసే సేల్స్‌మన్ దొరికితే నా పని సగం తేలికైనట్టే.

ఎప్పుడు, ఎవరితో మాట్లాడాలన్నదీ ఈ పరీక్ష చదువులో భాగమే. డిజైన్ నడుస్తున్నంతకాలం ఆర్కిటెక్టుతో ఎంతసేపైనా మాట్లాడొచ్చు. టెండరు పిలిచాక చెవిలో ఊదడాలు కుదరవు. సందేహమైనా, ప్రత్యామ్నాయ సరుకైనా పత్రాల్లో చెప్పిన దారిలో రాతపూర్వకంగా రావాలి. ఒప్పుకుంటే ఆ సంగతి అడెండం (టెండరు పత్రాలకు చేర్చే సవరణ) రూపంలో పోటీదారులందరికీ వెళ్తుంది.

మన టెండర్లలోనూ బ్రాండ్ల పేర్ల పక్కన ‘లేదా తత్సమానం’ అని రాస్తుంటారు. ఆ మాట చాటున ఏమేం దూరతాయో మన కాంట్రాక్టర్లకు నేను చెప్పాలా! అమెరికాలో సరుకు మార్చమని అడిగేవాడు, స్పెసిఫికేషన్‌లో రాసిన సరుకుకీ తన సరుకుకీ తేడాలెక్కడో పక్కపక్కన పెట్టి చూపాలి. దానివల్ల పక్క పనుల్లో ఏం మారుతుందో కూడా చెప్పాలి. సొంత సరుకు తక్కువదనం సొంత చేత్తో రాయాలంటే అమ్మేవాడికి ప్రాణసంకటమే.

సర్టిఫికెట్ ఉన్నవాళ్లంతా నిజాయితీపరులని నేననను. నియమాలన్నీ తెలిసి, వాటి సందుల్లోంచి నడిచేవాళ్లనూ చూశాను. కమీషన్ మీద బతుకుతూ ‘ఈ బిల్డింగుకు మాది పనికిరాదండీ’ అన్నవాళ్లు మాత్రం ఒకరిద్దరే తగిలారు. కొత్త ప్రాజెక్టు చేతికి రాగానే ముందు వాళ్లకే ఫోన్ చేస్తాను.