తీగలు కలిపితే చాలదు

భవనాన్ని గీతలుగా కాక గోడ, కిటికీ, దూలం వంటి భాగాలుగా, వాటి కొలతలు, సామగ్రి వివరాలతో సహా కంప్యూటర్‌లో రూపొందించే పద్ధతిని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు. రెవిట్ ఇటువంటి సాఫ్ట్‌వేరే. దానితో కలిసి పనిచేసే డైనమోలో ప్రోగ్రామును అక్షరాలతో రాయనక్కరలేదు. ఒక్కో పనికి ఒక్కో పెట్టె ఉంటుంది. పెట్టెలను తీగలతో కలిపితే అదే ప్రోగ్రాం. రైనో సాఫ్ట్‌వేర్‌కు తోడుగా 2007లో వచ్చిన గ్రాస్‌హాపర్‌ది కూడా ఇదే పద్ధతి. ‘ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు’ అనే మాట వీటి గురించి తరచు వినిపిస్తుంది. అదెంతవరకు నిజం?

భిలాయి ఉక్కు పట్టణంలోని రుఆబాంధాలో ఒక ఇంటిని ఊహించుకుందాం. దక్షిణపు కిటికీ ఎత్తు 1.2 మీటర్లు. పైన సన్‌షేడ్ ఎంత ముందుకు రావాలి? కిటికీ ఎత్తును సూర్యుని ఎత్తుకోణపు టాంజెంట్‌తో భాగించాలి. ఇక్కడి అక్షాంశం సుమారు 21.2 డిగ్రీలు. మార్చి 21న నడిమధ్యాహ్నం సూర్యుడు 68.8 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కనుక 47 సెంటీమీటర్లు చాలు. ఈ లెక్కను కొద్ది పెట్టెల్లో అమర్చవచ్చు. కిటికీ ఎత్తు మారిస్తే సన్‌షేడ్, దాని కాంక్రీటు లెక్క వెంటనే మారతాయి. సూత్రం కళ్లెదుటే కనిపిస్తుంది. ఈ పద్ధతి గొప్పతనం ఇదే.

లోపమూ ఇక్కడే ఉంది. అదే తీగను పడమటి కిటికీకి తగిలిస్తే కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు. మే 21న సాయంత్రం 4 గంటలకు ఆ 47 సెంటీమీటర్ల సన్‌షేడ్ నీడ కిటికీలో 32 సెంటీమీటర్ల మేరకే పడుతుంది. మిగిలిన 88 సెంటీమీటర్లూ ఎండే! పూర్తి నీడకు 1.7 మీటర్లకు పైగా పొడవు కావాలి. అంటే అక్కడ కావలసింది పెద్ద సన్‌షేడ్ కాదు; చెట్టో, వరండానో, చిన్న కిటికీయో. ఆ ప్రశ్న వేయవలసింది మనిషే. ఒకే నమూనా క్వార్టర్లు వరుసగా కట్టేచోట ఒక్క పొరపాటు అన్ని ఇళ్లకూ పాకుతుంది.

ఇంకొక చిక్కు: పది పెట్టెలుంటే బొమ్మ సుబోధకం, వందలైతే తీగలు చిక్కుపడి, రాసినవారికే అర్థం కావు. పెట్టెలను గుంపులు చేసి, పేర్లు పెట్టే సౌకర్యం ఉంది. వాడేవారు దాన్ని నిర్లక్ష్యం చేయరాదు.

విద్యార్థులు ఈ సాధనాలను తప్పక నేర్చుకోవాలి. అయితే ముందు ఒక కిటికీ లెక్కను కాగితంపై చేసి, ఎండలో నీడను స్కేలుతో కొలిచి చూడాలి. తీగలు కలపడం ఆ తర్వాతే.