తోడేకొద్దీ ఊరే చెలమ

పోయిన వారం రాత్రి పదకొండు గంటలకు ప్రొద్దుటూరు నుంచి ఫోనొచ్చింది. మా చెల్లెలి కూతురు. గొంతు పూర్తిగా పోయింది, మాట గాలిలా వస్తోంది.

"పెద్దమ్మా, రెండు దినాల్నుంచి జరం. గుటక పడ్డంల్యా. పాపకు పాలియ్యొద్దంటాంది మా అత్త. పాలపొడి డబ్బా గూడా తెచ్చిపెట్టినారు. ఏం చేసేది?"

వెనక మూడు నెలల పాప ఏడుస్తూనే ఉంది.

"ముందు బిడ్డను ఒళ్లో ఏసుకో. పాలిస్తానే మాట్లాడు" అన్నాను.

అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ముప్పయ్యేళ్ల కిందట మే నెలలో, కర్నూలులో పుట్టింట్లో బాలింతగా ఉన్నప్పుడు నాకూ ఇట్లే గొంతు వాచింది. బిడ్డకు అంటుకుంటుందని నన్ను వేరే గదిలో పడుకోబెట్టారు. రెండు రోజులు బిడ్డకు డబ్బా పాలే. మూడో రోజుకు రొమ్ములు రాళ్లయిపోయాయి. పైట తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. గొంతు జ్వరానికి పాలు గడ్డకట్టిన జ్వరం తోడయింది. బిడ్డను తెచ్చి ఒళ్లో పెడితే, రబ్బరు పీకకు అలవాటుపడిన నోరు రొమ్ము పట్టలేదు. మళ్లీ పట్టించడానికి వారం పట్టింది. ఆ వారమంతా బిడ్డా ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

నన్ను గట్టెక్కించింది మా జేజి. ఆమెది పెన్న ఒడ్డు పల్లె. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీసి కడవలు నింపిన మనిషి. "తోడకుండా ఇడిస్తే చెలమ పూడిపోతాదమ్మీ. తోడేకొద్దీ ఊరుతాది" అంటూ గంటకోసారి బిడ్డను నా రొమ్ముకు ఆనించేది. జేజి మాటలో ఎంత శాస్త్రం ఉందో తర్వాత చదివితే తెలిసింది. బిడ్డ చీకినప్పుడల్లా తల్లి మెదడు కింది గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ విడుదలై పాలు ఊరేలా చేస్తుంది. తీయని పాలు రొమ్ములోనే నిలిచిపోతే ఊట తగ్గిపోతుంది.

మామూలు గొంతునొప్పి పాల నుంచి బిడ్డకు రాదు. దగ్గు తుంపరలు, కడగని చేతులు, ముద్దులు, వీటితో వస్తుంది. పైగా తల్లికి నొప్పి తెలిసేసరికే, పక్కలో పడుకున్న బిడ్డకు ఆ క్రిమి చాలాసార్లు సోకే ఉంటుంది. దాన్ని ఎదిరించడానికి తల్లి ఒళ్లు తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు, ముఖ్యంగా ఐజీఏ రకం, పాలలోకి దిగి బిడ్డ గొంతులో, పేగుల్లో కాపలా కాస్తాయి. సరిగ్గా ఆ వారమే పాలు మాన్పిస్తే బిడ్డకు ఆ కాపలా లేకుండా పోతుంది. 2020లో కరోనాకు ప్రపంచమంతా వణుకుతున్నప్పుడు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది ఇదే: తల్లి మాస్కు కట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని పాలివ్వొచ్చు. మాస్కు లేకపోతే శుభ్రమైన గుడ్డ కట్టుకున్నా కొంత మేలే.

మన సీమలో ఇంకో మాట కూడా ఆలోచించాలి. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే వీధుల్లో సీసాను పూటపూటా కడిగి, మరిగించి, కాచిన నీళ్లతో పొడి కలపడం మాటలు కాదు. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. నలభై దాటిన ఎండలో కూడా ఆరు నెలల్లోపు బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు. పిండి గిన్నెలో పెట్టుకుందామన్నా, 25 డిగ్రీల చల్లదనంలో నాలుగు గంటలు నిలిచే పాలు మన మే నెల ఇళ్లలో అంతసేపు నిలవవు. ఆ పాలపొడి డబ్బా మీద కూడా తల్లిపాలే మేలని అచ్చువేసి తీరాలని 1992 నాటి చట్టం చెబుతోంది.

నాకు నిజంగా కోపం తెప్పించేది బాలింత పత్యంలో నీళ్లకు పెట్టే కట్టడి. ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందంటారు. జ్వరంతో కాలుతూ, బిడ్డకు పాలిస్తూ, కడప ఎండలో ఉన్న మనిషికి చిన్న గ్లాసుతో లెక్కపెట్టి నీళ్లా? సొంఠి, మిరియాల కషాయం ఇవ్వండి, ఉప్పునీళ్లు పుక్కిలించమనండి, మంచిదే. నీళ్లు మాత్రం అడిగినన్ని ఇవ్వండి. బిడ్డ దగ్గుకు తేనె నాకించే అలవాటు మాత్రం ఏడాది నిండేదాకా అసలు వద్దు.

"డాక్టరు దగ్గరికి పోయినావా?" అని అడిగాను. పోయింది. గొంతు చూసి ఆయన అమాక్సిసిలిన్ రాశాడు. తెచ్చుకుని, వేసుకోకుండా దిండు కింద పెట్టుకుంది! మందు పాలల్లో దిగుతుందని భయం.

దిగుతుంది, చాలా కొంచెం. బిడ్డకు విరేచనాలు కాస్త పలచనవ్వొచ్చు, నోట్లో తెల్లపూత వస్తుందేమో చూసుకోవాలి. అమాక్సిసిలిన్, జ్వరానికి పారాసెటమాల్ పాలిచ్చే తల్లులు వాడుకోదగ్గవే. గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. కానీ స్ట్రెప్టోకాకస్ అయితే నిర్లక్ష్యం చేయకూడదు. కొందరిలో అది కీళ్లవాత జ్వరానికి దారితీసి గుండె కవాటాలను పాడుచేస్తుంది. డాక్టరు చెప్పినన్ని రోజులూ మాత్రలు వేసుకోవాలి. జాగ్రత్తపడాల్సింది మెడికల్ షాపులో నోటిమాటగా కొనే మందులతో. ముక్కుదిబ్బడకిచ్చే సూడోఎఫెడ్రిన్ పాలు తగ్గిస్తుంది. కోడీన్ ఉన్న దగ్గు మందు బిడ్డను మత్తులోకి దించి ఊపిరికే ముప్పు తేగలదు. షాపు మెట్టెక్కగానే "చంటిబిడ్డ తల్లిని" అని చెప్పాలి.

"పాపకు ఒళ్లు కాలితే, పాలు తాగకపోతే, ఎగశ్వాస వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆస్పత్రికి పో" అన్నాను. మూడు నెలల పసికందుకు 100.4 డిగ్రీల జ్వరమైనా ఆలస్యం చేయకూడదు. తనకూ ఎంగిలి మింగుడు పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా అంతే.

అవతల ఏడుపు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. ఫోను పాప తలకు దగ్గరగా ఉన్నట్టుంది. గుటక, గుటక, మధ్యలో చిన్న నిట్టూర్పు.

"మాత్ర ఏసుకో. నీళ్లు పెద్ద చెంబుతో తెమ్మను" అన్నాను.

ఎవరో లేచి వెళ్లిన అడుగుల చప్పుడు, వాళ్లత్తే కావచ్చు. కాసేపటికి కడవలో చెంబు మునిగింది.