శాస్త్రీయ దృక్పథం: సంతకం పెట్టేదెవరు?

మన అభ్యుదయ సాహిత్యంలో ‘శాస్త్రీయ దృక్పథం’ అన్న మాట ఎన్నిసార్లు దొర్లిందో లెక్కపెట్టడం కష్టం. తీర్మానాల్లో ఉంది, అధ్యక్షోపన్యాసాల్లో ఉంది, పీఠికల్లో ఉంది. 1976లో 42వ సవరణతో పౌరుని విధిగా రాజ్యాంగంలోనూ చేరింది. అయితే ఆ మాట అర్థం మీద ఈ దేశంలో జరిగిన అసలు వాదన మన సాహిత్య విమర్శలోకి రావలసినంతగా రాలేదని నా అభిప్రాయం. ఆ వాదనకు ఒక కొస హైదరాబాదులో ఉంది. రెండో కొస మా చిల్లకూరుకు దక్షిణాన ఉన్న శ్రీహరికోటలో ఉంది. తెలుగు విమర్శకుడు దాన్ని పరాయి తగువుగా ఎంచి ఊరుకోవడానికి వీల్లేదు.

1964లో హైదరాబాదులో పనిచేస్తున్న పుష్పమిత్ర భార్గవ, సతీశ్ ధావన్, అబ్దుర్ రహమాన్ కలిసి శాస్త్రీయ దృక్పథ ప్రచారానికి ఒక సంఘం పెట్టారు. జ్ఞానం మనిషి ప్రయత్నం వల్లనే కలుగుతుంది గాని దైవవాణి వల్ల కాదు అన్న ప్రకటన మీద సంతకం పెట్టడం సభ్యత్వానికి షరతు. శాస్త్రజ్ఞులే ఒకరి తరువాత ఒకరు సంతకానికి నిరాకరించారని భార్గవ తరువాతి కాలంలో రాశారు. ఆ ధావన్ పేరే 2002లో శ్రీహరికోట కేంద్రానికి పెట్టారు. 2023 జులై 14న అక్కణ్ణుంచి చంద్రయాన్-3 ఎగిరింది. ముందురోజు ఇస్రో శాస్త్రవేత్తలు దాని నమూనాను తిరుమలకు తీసుకువెళ్ళారు. దీన్ని ఎద్దేవా చేయడం సులువు. మనవాళ్ళు చాలామంది అదే చేశారు, మిగిలినవాళ్ళు రాకెట్టు మీద పద్యం కట్టారు. రెండింటిలోనూ ఆలోచన లేదు.

1981లో భార్గవ, హక్సర్, రాజా రామన్న ప్రభృతులు శాస్త్రీయ దృక్పథం మీద ఒక ప్రకటన వెలువరించారు. దేశం హేతువు నుంచి వెనక్కి నడుస్తోందన్నది వారి ఆవేదన. ఆ ఏడాదే ఆశిష్ నంది దానికి ప్రతిప్రకటన రాశారు. శాస్త్రం రాజ్యంతో చేతులు కలిపి కొత్త అధికారంగా తయారైందనీ, నిపుణుడి ముందు సామాన్యుడి అనుభవానికి విలువ లేకుండా పోతోందనీ ఆయన అభియోగం.

నంది వాదన చదువుతుంటే మా ప్రాంతం వాడికి యానాదులు గుర్తురాక మానరు. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నప్పుడు ఆ దీవి నిర్మానుష్యం కాదు. దుంపలూ తేనే మూలికలూ సేకరించుకుని బతికే యానాదులు అక్కడ ఉన్నారు. బ్రిటిషు ప్రభుత్వం ‘నేరస్థ జాతి’ అని ముద్ర వేసిన వాళ్ళు వీళ్ళే. ఆ ముద్ర తుడవడానికి పాటుపడిన నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్య వారి గురించి పుస్తకమే రాశారు. కేంద్రం కోసం ఆ యానాదులు అడవి విడిచి కదలవలసి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కణ్ణుంచి తొలి రాకెట్టు ఎగిరింది. ఈ లెక్క చూడకుండా శాస్త్ర విజయాలను కీర్తించే కవిత్వం అభ్యుదయ కవిత్వం కానేరదు.

అయినా నంది పక్షాన నేను నిలబడలేను. యానాదిని కదిలించింది ప్రభుత్వ నిర్ణయం, హేతువు కాదు. ఇంకో సంగతి. ఏ ఆకు దేనికి పనికొస్తుందో యానాదికి తెలిసింది తరతరాలుగా వాడి చూసి, ఫలించనిది వదిలేసి. ఆ మేరకు అది మనిషి ప్రయత్నం వల్ల కలిగిన జ్ఞానమే. భార్గవ కాగితం మీద వేలిముద్ర వేయడానికి కొందరు ప్రొఫెసర్ల కంటే అతనికే ఎక్కువ అర్హత ఉంది! అతని మూలికను ప్రయోగశాలలో పరీక్షకు పెట్టడమే దానికి ఇవ్వవలసిన గౌరవం. ప్రాచీనమని దండం పెట్టడం గాని, అనాగరికమని పారేయడం గాని గౌరవం కాదు. 1981 ప్రకటనకర్తలు సామాన్యుణ్ణి మూఢవిశ్వాసిగానే ఎక్కువ చూశారు, అతనిలోని ప్రయోగశీలిని చూడలేదు. నంది అతని అనుభవాన్ని గౌరవించారు గాని దాన్ని పరీక్షించే దారి చూపలేదు.

ఈ వాదన పండితుల గదుల్లో ఆగిపోలేదు. 2001లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం జ్యోతిషాన్ని కోర్సుగా ప్రవేశపెట్టబోతే, భార్గవ ప్రభృతులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళారు. ఓడిపోయారు. 2004లో సుప్రీంకోర్టు కూడా నిపుణుల సంస్థ నిర్ణయంలో జోక్యం చేసుకోనన్నది. నిపుణుల అధికారం గురించి నంది పడిన భయం ఇక్కడ జ్యోతిషానికే రక్షణ అయింది. ఈ వ్యంగ్యం మన కథకుల కంట పడకపోవడం విచిత్రం.

భౌతికశాస్త్రం చదువుకున్న కొడవటిగంటి కుటుంబరావు సైన్సు వ్యాసాలు రాస్తూనే 1980లో చనిపోయేదాకా ‘చందమామ’లో బేతాళుణ్ణి నడిపించారు. అందులో వైరుధ్యం ఉందని నేను అనుకోను. బేతాళుడు చివర అడిగేది ప్రశ్నే కదా! కుటుంబరావుగారి బలం ఫలితం చెప్పడంలో కాదు, అది ఎలా తెలిసిందో చెప్పడంలో ఉంది. మన ఇప్పటి సైన్సు రచనల్లో ఎక్కువ భాగం వార్తలే. పాఠ్యపుస్తకాలూ అంతే.

2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణం. మర్నాడు తరగతిలో, తిరుమల తలుపులు మూస్తే శ్రీకాళహస్తిలో ఎందుకు తెరిచి ఉంచుతారని ఒక పిల్ల అడిగింది. భూమి నీడ బొమ్మ గీసి చూపడం తేలిక. ఆ పిల్ల అడిగింది అది కాదు. రెండు ఆచారాలు ఎదురైనప్పుడు ఏది నమ్మాలో ఎలా తేల్చుకోవాలని అడిగింది. ఆ ప్రశ్నకు చేతికివ్వదగ్గ తెలుగు పుస్తకం కోసం మా బడి బీరువా అంతా వెతికాను. గ్రహాల దూరాలు చెప్పేవి నాలుగు దొరికాయి. 1981 నాటి ఆ రెండు ప్రకటనలనూ పక్కపక్కన పెట్టి, పదో తరగతి పిల్లలకు అర్థమయ్యే తెలుగులో, యానాదుల ప్రసక్తి కూడా చేర్చి మన సంఘమే ఒక చిన్న పుస్తకం వేయవచ్చు. నూరు పేజీలు చాలు.