ఎద్దుతో పోటీ: తెలుగు నేల తీరు

ఎద్దును నడుమ పెట్టుకుని మనిషి ఆడే ఆటలు ప్రపంచంలో ప్రధానంగా నాలుగు రకాలు. ఎద్దును ఎద్దు మీదికి ఉసిగొల్పడం మొదటిది. మనిషి ఎద్దుకు ఎదురు నిలిచి చివరికి దాన్ని చంపడం రెండోది. పరుగెత్తే ఎద్దును పట్టి నిలపడం, లేదా దాని కొమ్ములకు కట్టినదాన్ని లాక్కోవడం మూడోది. జోడెద్దుల బలాన్నో వేగాన్నో కొలవడం నాలుగోది. స్పెయిన్‌కు పేరు తెచ్చింది రెండో రకం. తెలుగు పల్లెల్లో వేళ్ళూనుకున్నవి మూడో రకం, నాలుగో రకం. చిత్తూరు ప్రాంతపు పశువుల పండుగ ఎద్దును పట్టే ఆట. కోస్తా, రాయలసీమ, దక్షిణ తెలంగాణల బండలాగుడు బలం పోటీ. ఆదిలాబాద్ సరిహద్దు మండలాల శంకర్‌పట్ వేగం పోటీ. ఈ మూడింటిలోనూ ఎద్దు ప్రాణం తీయడమనే మాట లేదు. పందెంలో దిగిన ఎద్దు రైతు ఇంటి ఆస్తి, అతని సేద్యానికి ఆధారం. ఈ ఆటల నియమాలు ఆ బంధం నుంచే పుట్టాయి.

పాత ఆనవాళ్ళు

మొహెంజొదారోలో దొరికిన ఒక ముద్ర మీద, కొమ్ములు వంచిన పశువు మీదుగా మనుషులు ఎగిరి పడుతున్న దృశ్యం ఉంది. క్రీట్ ద్వీపంలోని నాసోస్ రాజప్రాసాదపు గోడ మీద ఎద్దు వీపు మీదుగా పల్టీ కొడుతున్న యువకుడి బొమ్మ సుమారు 3,500 ఏళ్ళ నాటిది. తమిళ సంగం సాహిత్యంలోని కలిత్తొగైలో గొల్ల యువకులు కోడెల మూపురాలను వాటేసుకుని లొంగదీసే పోటీ వివరంగా కనిపిస్తుంది. అందులో గెలిచినవాడికే పిల్లనిస్తారు.

తెలుగువారికి ఈ కథ పోతన భాగవతం దశమ స్కంధం ద్వారా తెలుసు. కోసల రాజు నగ్నజిత్తు తన ఏడు పొగరుబోతు కోడెలను లొంగదీసినవాడికే కూతురు నాగ్నజితిని ఇస్తానంటాడు. వచ్చిన రాజులంతా ఓడిపోతారు. కృష్ణుడు ఏడు రూపాలు ధరించి ఏడు కోడెలనూ తాళ్ళతో కట్టి ఈడుస్తాడు. కోడెల పొగరు అణుగుతుంది, వాటి ప్రాణం పోదు. పశువుల మంద చుట్టూ నడిచే వీరగాథలు తెలుగులో ఇంకా ఉన్నాయి. మేత బీళ్ళ తగాదా యుద్ధంగా మారిన కాటమరాజు కథను తెలంగాణలో మందెచ్చులవారు గొల్లల ఊళ్ళలో ఇప్పటికీ చెబుతారు. ఆలమందలను కాపాడుతూ నేలకొరిగిన వీరుల రాళ్ళు రాయలసీమలో అనేకం ఉన్నాయి. ఈ సమాజాల్లో పశువే సంపద. పశువును అదుపు చేయగలవాడికి దక్కిన గౌరవం అందువల్లనే.

పశువుల పండుగ

సంక్రాంతి రోజుల్లో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని చంద్రగిరి, రామచంద్రాపురం, కుప్పం తదితర మండలాల పల్లెల్లో ఈ ఆట సాగుతుంది. పత్రికలు దీన్ని జల్లికట్టు అని రాస్తాయి. ఊరివాళ్ళు పశువుల పండుగ అంటారు. చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో కనుమ నాడు జరిగే పండుగకు వేల మంది వస్తారు.

ఆ రోజు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూస్తారు. మెడలో గంటలు, కాళ్ళకు గజ్జెలు కడతారు. కొమ్ములకు చెక్క పలకలు బిగిస్తారు. ఆ పలకల మీద దేవుళ్ళ బొమ్మలో, సినిమా నటుల బొమ్మలో, నాయకుల బొమ్మలో ఉంటాయి. కొందరు కొత్త తువ్వాళ్ళు, నగదు కూడా కడతారు. ఊరి వీధికి రెండు పక్కలా కంచె వేస్తారు. ఒక కొసన డప్పులు మోగుతుండగా పశువులను గుంపులుగా వదులుతారు. దారిలో యువకులు బారులు తీరి నిలబడతారు. మెరుపులా దూసుకొచ్చే కోడెను పట్టి, ఒకరిద్దరు ఆపగా మరొకరు పలక విప్పుకుంటారు. దొరికిన పలకే బహుమతి. ఎవరికీ చిక్కకుండా వీధి దాటిన కోడె యజమానికి దాన్ని మించిన గౌరవం ఉంటుంది. పట్టినవాడూ పట్టుబడని ఎద్దూ ఇద్దరూ గెలవగలిగే ఏర్పాటు ఇది.

తమిళనాడులో ఇదే ఆటకు వేర్వేరు రూపాలున్నాయి. మదురై దగ్గరి అలంగానల్లూరు, పాలమేడు, అవనియాపురంలలో ఎద్దును ఇరుకైన గుమ్మం నుంచి ఒక్కొక్కటిగా వదులుతారు. పట్టేవాడు మూపురాన్ని విడవకుండా నిర్ణీత దూరం వెళ్ళాలి, లేదా ఎద్దు మూడు గెంతులు గెంతే దాకా వేలాడాలి. వడం పద్ధతిలో ఎద్దును పొడుగాటి తాడుతో మధ్యలో కడతారు. ఒక జట్టు నిర్ణీత సమయంలో దాని కొమ్ముల మీది బహుమతిని విప్పాలి. చిత్తూరును ఆనుకున్న వేలూరు, కృష్ణగిరి జిల్లాల్లో ఎద్దు ఎంత వేగంగా వీధి దాటిందో సెకన్లలో లెక్కిస్తారు.

మూపురం పట్టు

ఈ ఆటలోని కిటుకంతా ఎద్దు శరీరంలోనే ఉంది. పశువు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. కాబట్టి దానికి దాదాపు చుట్టూరా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనుక భాగం తప్ప. ఎదురుగా ఉన్నదాని దూరాన్ని మాత్రం అది అంత బాగా అంచనా వేయలేదు. ఎరుపు రంగు చూస్తే ఎద్దు రెచ్చిపోతుందన్న నమ్మకం తప్పు. దాన్ని కదిలించేది కదలికే. అనుభవజ్ఞుడు ఎదురు నిలవడు, వెనుక నుంచీ రాడు. ఎదురు నిలిస్తే కొమ్ము తగులుతుంది, వెనుక నుంచి వస్తే గిట్ట తగులుతుంది. ఎద్దు పక్కగా పరుగెత్తుతూ, దాని అడుగుతో తన అడుగు కలిపి, రెండు చేతులతో మూపురాన్ని చుట్టేస్తాడు. ఛాతీని ఎద్దు భుజానికి అదిమి ఉంచుతాడు. శరీరాలు అలా అంటుకుని ఉన్నంతసేపు కొమ్ము అతన్ని తాకడం కష్టం. ఎడం పెరిగిందంటే ప్రమాదమే. వదిలేటప్పుడు ఎద్దు వెళ్ళే దిక్కుకు పక్కకు దూకి, కింద పడితే లేవకుండా బోర్లా పడుకుంటాడు.

మన దేశవాళీ ఎద్దుకు మూపురం ఉంది, యూరప్ జాతులకు అలాంటి మూపురం లేదు. పట్టుకోవడానికి ప్రకృతి ఇచ్చిన పిడి ఇక్కడ ఉండబట్టి ఆట కౌగిలింతగా ఎదిగింది. అది లేని చోట గుడ్డతో ఊరించి, పక్కకు తప్పుకునే ఆట పెరిగింది.

బండలాగుడు

కృష్ణా, గుంటూరు, పల్నాడు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాల తిరునాళ్ళలో జోడెద్దులు బరువైన రాతి బండను ఈడ్చే పోటీ పేరుగాంచింది. తెలంగాణలో సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు శివరాత్రి జాతరలో ఈ పోటీలు చూడడానికి జనం దూరప్రాంతాల నుంచి వస్తారు. ఎద్దుల వయసును పళ్ళను బట్టి లెక్కిస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్, సీనియర్ విభాగాలు ఉంటాయి. విభాగం పెరిగే కొద్దీ బండ బరువు క్వింటాళ్ళలో పెరుగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ అడుగులు లాగితే దానిదే గెలుపు. జత కుదరడమే ఇందులో సగం విద్య. ఎత్తు, నడక, స్వభావం ఒకే తీరుగా ఉన్న రెండు కోడెలు దొరికితేనే కాడి మీద బరువు సమంగా పడుతుంది. మడమ తిప్పే చోట, అంటే బాట కొసన బండతో సహా వెనక్కి మళ్ళేటప్పుడు, ఎక్కువ సమయం పోతుంది. తోలేవాడి నేర్పు బయటపడేది అక్కడే.

ఈ పోటీల్లో ఎక్కువగా కనిపించేది ఒంగోలు జాతి. బ్రెజిల్ మాంసపు మందలో అధిక భాగం ఒంగోలు సంతతే, అక్కడ దాన్ని నెలోర్ అంటారు. పుట్టిన గడ్డ మీద మాత్రం ఈ జాతి కోడెలను ఖరీదు పెట్టి, ఉలవలు, పత్తిగింజలు మేపి సాకుతున్నవారిలో బండలాగుడు రైతులు ముందుంటారు.

ఉత్తర తెలంగాణ: మొక్కు, పండుగ, పట్

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎద్దును పట్టే ఆట లేదు. ఇక్కడ ఎద్దు స్థానం మొక్కులోనూ పండుగలోనూ ఉంది. వేములవాడ రాజరాజేశ్వర స్వామికి కోడె మొక్కు ప్రసిద్ధం. భక్తులు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, కట్టేసి మొక్కు చెల్లిస్తారు. కోడెలను దేవునికి సమర్పించేవారూ ఉన్నారు. జ్యేష్ఠ పౌర్ణమి నాటి ఏరువాకకు రైతులు ఎడ్లను అలంకరించి దుక్కి మొదలుపెడతారు.

గోదావరి దాటి ఉత్తరానికి పోతే పండుగ మారుతుంది. శ్రావణ అమావాస్య నాడు ఆదిలాబాద్ పల్లెల్లో పొలాల పండుగ జరుగుతుంది. అదే రోజు కోస్తాలో స్త్రీలు కంద మొక్కకు పూజ చేసి పిల్లల క్షేమం కోరుకుంటారు. ఇక్కడ మాత్రం పూజ ఎద్దులకు. ఆ రోజు వాటి మెడ మీద కాడి పెట్టరు. వాగులోనో చెరువులోనో కడిగి, కొమ్ములకు రంగు పూసి, వీపున రంగుల గుడ్డలు కప్పి, ఊరి ఎడ్లన్నిటినీ ఒకచోట చేర్చి హనుమాన్ గుడి చుట్టూ తిప్పుతారు. ఇంటికి రాగానే ఆడవాళ్ళు కాళ్ళు కడిగి, హారతి ఇచ్చి, నైవేద్యం తినిపిస్తారు. గోండు, కొలాం గూడేల్లోనూ ఇది పెద్ద పండుగ. మరునాడు గోండులు రోగాలను ఊరి పొలిమేర దాటించే తంతు జరుపుతారు. సరిహద్దుకు అవతల విదర్భలో ఇదే పోలా.

చెన్నూరు ఈ రెండు లోకాల నడుమ ఉన్న ఊరు. నిన్నటి ఆదిలాబాద్ జిల్లాలో, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉంది. దక్షిణాన గోదావరికి ఆవల పెద్దపల్లి, భూపాలపల్లి వైపు పాత కరీంనగర్ సీమ. తూర్పున ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. పత్తి పండే నల్లరేగడి నేలలో ఇటీవలి దాకా గుంటుక, నాగలి, బండి అన్నీ ఎద్దు మీదే ఆధారపడ్డాయి. అందుకే రెండు వైపుల పండుగల్లోనూ ఎద్దే కేంద్రం.

ఈ సరిహద్దు పట్టీలో పోటీ అంటే శంకర్‌పట్. విదర్భ నుంచి ఆదిలాబాద్ దాకా వ్యాపించిన ఈ పందెంలో పక్కపక్కనే రెండు బాటలు వేస్తారు. తేలికైన బండికి కట్టిన జోడెద్దులు ఒక్కొక్క బాటలో నిటారుగా పరుగెత్తుతాయి. గెలుపు సెకన్లలో, సెకనులో భాగాల్లో తేలుతుంది. ఇక్కడ కావలసింది భారీ శరీరం కాదు. పొడుగు కాళ్ళు, బిగువైన కండ, మాటకు లొంగే స్వభావం కావాలి. వార్ధా, నాగపూర్ ప్రాంతపు గావ్‌లావ్ జాతి వేగానికి పేరు. ఒకప్పుడు మరాఠా సైన్యాల సరంజామాను మోసిన జాతిగా దానికి చరిత్ర ఉంది. గెలిచిన జతకు ఊళ్ళో పేరొస్తుంది, అంగట్లో ధర పెరుగుతుంది.

ఇతర దేశాల్లో

స్పెయిన్ పద్ధతిలో ముగ్గురు మటడోర్లు ఆరు ఎద్దులను ఎదుర్కొంటారు. ఒక్కో ఎద్దు మీద ఆట మూడు అంకాలుగా నడుస్తుంది. మొదట గుర్రం మీది పికడోర్ బల్లెంతో ఎద్దు మెడ కండరాలను పొడిచి బలహీనపరుస్తాడు. తరువాత రంగుల బాణాలు గుచ్చుతారు. చివర మటడోర్ ఎర్ర గుడ్డతో ఆడించి కత్తితో చంపుతాడు. పోర్చుగల్‌లో ఎద్దును బరిలో చంపడాన్ని 1928లోనే నిషేధించారు. అక్కడ ఎనిమిది మంది జట్టు ఉత్త చేతులతో ఎద్దును ఆపే ఘట్టం ఉంది.

చిత్తూరు పండుగకు అన్నిటికన్నా దగ్గరిది దక్షిణ ఫ్రాన్స్‌లోని కామార్గ్ ఆట. తెల్ల దుస్తుల యువకులు చిన్న కొక్కెంతో ఎద్దు కొమ్ముల నడుమ కట్టిన గుర్తులను లాగేసుకోవాలి. పావుగంట కాగానే ఎద్దు మందలోకి వెళ్ళిపోతుంది. ప్రకటనల్లో ఎద్దు పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది, పేరు మోసిన ఎద్దులకు విగ్రహాలు కూడా పెట్టారు. స్పెయిన్ ఆట మీద మాత్రం వ్యతిరేకత పెరుగుతోంది. ఆ దేశంలోని కెటలోనియా ప్రాంతం 2010లో నిషేధించగా స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం 2016లో ఆ నిషేధాన్ని కొట్టేసింది. కొలంబియా 2024లో చేసిన చట్టం 2027 నుంచి ఎద్దు పోరాటాలను ఆపేస్తుంది.

హింస, చట్టం

చంపకపోయినంత మాత్రాన హింస లేదనడానికి లేదు. కళ్ళల్లో కారం చల్లడం, సారా తాగించడం, తోక మెలిపెట్టడం, ములుకోలతో పొడవడం వంటివి పందేల్లో జరిగాయని ఫిర్యాదులు వచ్చాయి. మనుషుల ప్రాణాలూ పోయాయి. గోవాలో ఎద్దు మీదికి ఎద్దును వదిలే ధీరియోను బొంబాయి హైకోర్టు 1996లో ఆపింది. 2011లో కేంద్రం ప్రదర్శనలకు వాడరాని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను దేశమంతటా నిషేధించింది. 2017 జనవరిలో చెన్నై మెరీనా తీరాన లక్షల మంది నిరసన తెలిపాక తమిళనాడు జంతు హింస నివారణ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చింది. కర్ణాటక, మహారాష్ట్ర అదే దారి పట్టాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఈ మూడు రాష్ట్రాల చట్టాలనూ సమర్థించింది.

ఆ చట్టాల వెంట నియమాలు వచ్చాయి. పశువైద్యుడి పరీక్ష తప్పనిసరి. రెండంచెల కంచె, అంబులెన్స్ ఉండాలి. తోక, కొమ్ము పట్టరాదు. పశువుకు చిరాకు పుట్టించే పదార్థాలు వాడరాదు. ఆటకు అనుమతి ఆ నియమాల లోపలే.

ఎద్దు అవసరం తగ్గాక

2012లో దేశంలో మగ గోజాతి పశువులు సుమారు 6.8 కోట్లు. 2019 నాటి 20వ పశుగణనకు అవి సుమారు 4.7 కోట్లకు పడిపోయాయి. అదే కాలంలో ఆవుల సంఖ్య పెరిగింది. ట్రాక్టరు వచ్చాక కోడెదూడ రైతుకు భారమైంది. ఈ స్థితిలో కోడెను సాకడానికి మిగిలిన కొద్ది కారణాల్లో పోటీ ఒకటి. మంచి కోడెను ఎంచడం, జత కూర్చడం, దెబ్బ కొట్టకుండా మాటతో నడపడం లాంటి విద్యలు పుస్తకాల్లో దొరకవు, పందెపు బాట మీదే బతికి ఉన్నాయి.

అయితే సంప్రదాయమన్న పేరు ఏ ఆటకూ రక్షణ కాదు. ఎద్దును బాధించి గెలిచే పద్ధతి ఈ ఆటల మూలసూత్రానికే విరుద్ధం. ములుకోల, కారం, సారా పక్కన పెట్టగలిగిన పందేలే నిలుస్తాయి. సుప్రీంకోర్టు 2023లో ఆ మూడు రాష్ట్రాలకు ఆమోదించింది నియమాలకు కట్టుబడిన పోటీని. తెలుగు రాష్ట్రాల్లో పశువుల పండుగ, బండలాగుడు, శంకర్‌పట్ నిర్వహించే ఊళ్ళన్నీ ఆ నియమాలను తమంతట తాము పాటించడం మొదలుపెట్టాలి.