ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ – దోషనిర్ణయ విచారము

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846వ సంవత్సరమున కోయిలకుంట్ల ఖజానాపై దాడి సలిపెను. పిదప, నాడు కడప మండలమున జేరియున్న గిద్దలూరు, కంభము సీమలలో కుంఫిణీ సేనల నెదిర్చి, నల్లమల నాశ్రయించి, తుదకు పట్టుబడి, 1847 ఫిబ్రవరి 22వ తేదిని కోయిలకుంట్లలో ఉరితీయబడెను. ఆతని శిరస్సు 1877 వఱకు కోటయందు వ్రేలాడుచుండెనని ప్రసిద్ధి. ఈ స్థూలవృత్తాంతమున వివాదము తక్కువ. వివాదమెల్ల దోషమెవ్వరిదను నిర్ణయమునందే కలదు.

ఈ కథకు రెండు ఆకరములు కలవు. ఒకటి కుంఫిణీవారి కాగితములు. వానివలన సంక్రమించిన వృత్తాంతము 1886లో వెలువడిన కర్నూలు మండల మాన్యువలున కెక్కినది. దానిని సంతరించినవారు శ్రీరంగరాజచరిత్రకర్తలైన నరహరి గోపాలకృష్ణమసెట్టిగారే. రెండవది రేనాటి జానపదులు పాడు పదములు. మొదటి దానియందు నరసింహారెడ్డి భరణపు తగవుచే తిరుగబడిన పాలెగాడు. రెండవ దానియందు మహావీరుడు.

కాగితములు వ్రాసినవారే అభియోగము మోపినవారు, శిక్ష విధించినవారు. కావున తేదులకును స్థలములకును వారి సాక్ష్యము గ్రాహ్యమే. కాని ముద్దాయి మనోభావమునకు ప్రతివాదియే సాక్షి యగుట యెట్లు? భరణము తగవునకు నిమిత్తము కావచ్చును. ఆతని వెంట నడచిన వేలకొలది రైతులకు ఏ భరణమును లేదే!

అట్లని పదములు నిష్పక్షపాతములు కావు. నాయకునకు విచారణ సరిగా జరుగలేదని వగచు గాయకుడు, అతనిని పట్టియిచ్చినారని తలపబడినవారిని విచారణయే లేక ద్రోహులని తీర్చును. ఖజానా కావలివారి గోడు ఆ పాటలో వినబడదు. 2019లో వెలువడిన సైరా నరసింహారెడ్డి చలనచిత్రమును ఈ పక్షమునే వహించినది.

ఈ రెంటిని కలిపి, సగము దొంగ సగము వీరుడని తేల్చుట సమదృష్టి యనిపించుకొనదు. అది రెండు పక్షపాతముల సంకరము మాత్రమే. చేసిన పని యేది, దానికి హేతువేది, తీర్పు చెప్పినవారెవ్వరు అను మూడింటిని విడదీసి చూపుట విమర్శకుని విధి. పదములను పరిష్కరించు పండితుడు మాన్యువలును బట్టి పాటను దిద్దరాదు. పాటను బట్టి తేదులను మార్చరాదు. బందిపోటు, వీరుడు అను మాటలు వృత్తాంతములు కావు, తీర్పులు. కథకుడు తీర్పుతో మొదలిడినచో, వినువానికి విచారింప మిగులునది లేదు.